అరచేతి యంత్రమున ఒదిగిన పెద్దభాష



కవిత్రయమువారి భారతమును చదివినవారికి, ఒకచోటి గ్రంథమును వేఱొకచోటికి చేర్చుట మూటను మోసినట్టి పని కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు. పదునెనిమిది అధ్యాయముల భగవద్గీతను తిక్కన సోమయాజి భీష్మపర్వమున మిక్కిలి సంగ్రహించెను. రెండు సేనలు ఎదురెదుర నిలిచియున్నవి; కథ నడవవలెను; అర్జునుని సంశయమును, శ్రీకృష్ణుని సమాధానమును తెలుగు శ్రోతకు అందవలెను. ఏది విడువవచ్చును, ఏది విడువరాదు అను వివేకమే అచ్చటి ప్రజ్ఞ. కంప్యూటరు భాషలను చిన్న యంత్రములకు చేర్చువారికిని నేడు అదే వివేకము కావలసివచ్చుచున్నది. పైథాన్ అను భాష కథయే ఇందుకు నిదర్శనము.

కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా వ్రాసి యిచ్చుటకు మానవులు కల్పించుకొన్నవి ప్రోగ్రామింగు భాషలు. హాలండు దేశమున గైడో వాన్ రాసమ్ అను నతడు 1989 డిసెంబరులో పైథాన్ భాషా నిర్మాణమునకు పూనుకొని, 1991లో దానిని లోకమునకు విడుదల చేసెను. చదువుటకు తేటగాను, వ్రాయుటకు సులభముగాను ఉండుటచే బడిపిల్లలు మొదలు శాస్త్రజ్ఞులవరకు దానిని ఆదరించిరి. అయితే ఆ భాషలో వ్రాసిన వాక్యము యంత్రమునకు నేరుగా బోధపడదు. నడుమ దుబాసీవంటి ప్రోగ్రాము ఒకటి ఉండవలెను. పైథాన్‌కు మొదట ఏర్పడిన దుబాసీ పెద్దింట పుట్టినది. విశాలమైన మెమరీయు, దస్త్రములు దాచుకొను డిస్కును, అడిగినది అందిచ్చు ఆపరేటింగు సిస్టమును ఉండునను నమ్మకముతోనే అది పెరిగినది.

ఆస్ట్రేలియా దేశస్థుడైన భౌతికశాస్త్రజ్ఞుడు డేమియన్ జార్జి ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో నుండగా, అట్టి సంపద లేని చిన్న యంత్రముపై ఈ భాష నడవగలదా యని యోచించెను. పాత దుబాసీని కోసి చిన్నది చేయుటకు మాఱుగా, క్రొత్త దుబాసీనే మొదటినుండి వ్రాసెను. 2013లో ప్రజల చందాలతో పని ముందునకు సాగినది. దానికి మైక్రోపైథాన్ అని పేరు.

అసలు పరీక్ష మైక్రోబిట్ అను చిన్న పలక వద్ద వచ్చినది. బి.బి.సి. సంస్థయు తక్కిన భాగస్వాములును 2016లో బ్రిటనునందు 11, 12 ఏండ్ల వయసు పిల్లలకు సుమారు 10 లక్షల పలకలను ఉచితముగా పంచిపెట్టిరి. అది 4 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల పొడవు గలది. ముఖమున 25 చిన్న దీపములు, రెండు మీటలు. చెరగక నిలుచు మెమరీ 256 కిలోబైట్లు. పనిచేయునప్పుడు వాడుకొను మెమరీ 16 కిలోబైట్లు మాత్రమే. తెలుగు లిపిలో ఒక్కొక్క గుర్తునకు కంప్యూటరులో సామాన్యముగా 3 బైట్లు పట్టును. కావున 16 కిలోబైట్లలో పట్టునవి సుమారు 5,400 గుర్తులు. ఇట్టి ప్రసంగమొకటి వ్రాసిన, ఆ చోటు నిండిపోవును!

అంత యిఱుకున భాష ఎట్లు ఒదిగెను? మొదటి యుపాయము: మారని సంగతులన్నియు చెరగని మెమరీలో నుంచి, మారువానికి మాత్రమే ఆ 16 కిలోబైట్లు కేటాయించిరి. గ్రంథము బీరువాలో నుండగా, లెక్కకు మాత్రము పలక వాడుకొన్నట్లు.

రెండవది: నేటి పెద్ద కంప్యూటరుపై పైథాన్ ఒక చిన్న అంకెను దాచుటకు 28 బైట్లు వాడును. ప్రతి అంకెకును ఒక ఖాతా తెఱచును. మైక్రోపైథాన్ చిన్న అంకెలకు వేఱు ఖాతా తెఱువదు. ఖాతా చిరునామా వ్రాయవలసిన 4 బైట్ల గడిలోనే అంకెను వ్రాసి, ఇది అంకెయే యని ఒక గుర్తు పెట్టును.

మూడవది: పెద్ద పైథాన్ ప్రతి వస్తువుపైనను దానిని ఎన్ని చోట్ల వాడుచున్నారో సంఖ్య వ్రాసికొనుచుండును. మైక్రోపైథాన్ ఆ సంఖ్యను మానివేసి, చోటు తఱిగినప్పుడు ఒకమాఱు అన్నిటిని చూచి, వాడుకలో నున్నవానికి గుర్తు పెట్టి, తక్కినవానిని తొలగించును. గ్రంథాలయమున ఏటేట పుస్తకముల లెక్క చూచినట్లే. చోటు మిగులును, ఆ లెక్క చూచునంతసేపు మాత్రము పని క్షణకాలము ఆగును.

ఇన్ని చేసినను ఒకదానిని వదలుకొనక తప్పలేదు. తీగ లేకయే ఫోనుతో మాటలాడు బ్లూటూత్ ఏర్పాటు ఆ పలకలో నున్నది. కాని అది యొక్కటే 16 కిలోబైట్లలో 12 కాజేయును. మిగిలిన 4 కిలోబైట్లలో భాష నిలువదు. భాష కావలెనా, బ్లూటూత్ కావలెనా? నిర్మాతలు భాషనే నిలిపిరి. పలకకును పలకకును సందేశములు పంపుటకు సులభమైన రేడియో ఏర్పాటు నిచ్చిరి. 2020లో వచ్చిన రెండవ పలకకు 128 కిలోబైట్లు సమకూరినవి.

ఇచ్చట గమనింపదగినది ధర్మము. విడిచినదానిని వారు దాచలేదు. పెద్ద పైథాన్‌కును చిన్నదానికిని గల భేదములను పట్టికగా వ్రాసి యందఱి యెదుట నుంచిరి. విడువరానిదానిని విడువలేదు: షరతు పెట్టు తీరు, ఆవృత్తి చేయించు తీరు, పనికి పేరు పెట్టి మరల పిలుచు తీరు రెంటను ఒక్కటే. కావున పదునొకండేండ్ల బాలిక అరచేతి పలకపై నేర్చిన వాక్యము, రేపు పెద్ద కంప్యూటరు ముందు కూర్చున్నను చెల్లును. ఆ వాక్యరీతినే మార్చియుండినచో యంత్రము చిన్నదగుటయే గాక, ఆ పిల్ల విద్యయు చిన్నదై యుండెడిది. చౌక వస్తువు నిచ్చు నెపమున చౌక చదువు నిచ్చుట అన్యాయము.

గ్రామ గ్రంథాలయమును ఇట్టి చిన్న పలకయే. దాని బీరువాలలో సర్వమును పట్టదు, ఏరి యుంచవలసినదే. కాని ఇచ్చట చదువుకొన్న బిడ్డ మహానగరపు గ్రంథాలయమున అడుగిడిన నాడు, తాను చదివినది వేఱు, ఇచ్చటిది వేఱు అని తడబడరాదు. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము ఆ కొలతకు తగినట్లు ఇక ముందును వర్ధిల్లుగాక!