దీర్ఘవ్యాధులు - ఫార్మసిస్టు బాధ్యత

మధుమేహము, రక్తపుపోటు జ్వరమువలె వచ్చి పోవునవి కావు. ఒకసారి చేరినచో చాలమందికి జీవితాంతము తోడుండును. రోగి వైద్యుని చూచుట ఏడాదికి నాలుగైదు పర్యాయములు. మందుల షాపునకు వచ్చుట నెలనెలా. ఆ షాపులో బల్ల వెనుక నిలుచు ఫార్మసిస్టులము మేము. చీటీ చూచి మాత్రలు లెక్కించి యిచ్చుటతో మా పని తీరునా?

తీరదని మాకు నేర్పినది ఒక వృద్ధురాలు. రక్తపుపోటునకు ఆమె ఆమ్లోడిపిన్ మాత్ర వాడుచుండెను. కొన్నాళ్లకు పాదములు వాచినవి. వేరొక వైద్యుని యొద్దకు పోయి, పాత చీటీ చూపలేదు. ఆయన వాపు తగ్గుటకు, మూత్రము ఎక్కువగా పోవుటకు మాత్ర వ్రాసెను. పిదప ఆమెకు లేచి నిలువగానే కన్నులు తిరుగసాగెను. రెండు చీటీలకును మందులిచ్చినది మేమే. మొదటి మందు వలన పాదములు వాచవచ్చునని మేము చదువుకొన్నదే. అయినను ఒక్క ప్రశ్న అడిగినవారము కాము. ఆమె కుమారుడు మాత్రలన్నియు సంచిలో వేసి తెచ్చి "ఇన్నెందుకండీ?" అన్న దినమున గాని మాకు కనువిప్పు కలుగలేదు. మొదటి వైద్యునికి ఫోను చేసితిమి. ఆయన మందు మార్చిరి. వాపు తగ్గెను, రెండవ మాత్ర అవసరమే లేకపోయెను.

అడిగినందువలన ఎంత మేలు కలుగునో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున జరిగిన ఒక పరిశోధన తెలుపుచున్నది. దాని ఫలితములు 2018లో వెలువడినవి. రక్తపుపోటు అదుపులో లేని 319 మంది నల్లజాతి పురుషులను, వారు అలవాటుగా పోవు 52 క్షౌరశాలలలో కలిసికొనిరి. కొన్ని శాలలకు ఫార్మసిస్టులే వచ్చి, వైద్యులతో చేసికొన్న ఒప్పందము ప్రకారము మందులు నిర్ణయించి, రక్తపరీక్షలు చూచి, వివరములు వైద్యులకు పంపుచుండిరి. తక్కిన శాలలలో క్షురకులు హితవు చెప్పి వైద్యుని చూడుమనిరి. ఆరు నెలలకు పై అంకె మొదటివారిలో సగటున 27, రెండవవారిలో 9 తగ్గెను.

మన దేశమున చీటీలోని మందును మార్చు అధికారము మాకు లేదు, కోరుటయు లేదు. కాని మందును గూర్చి రోగికి వివరించుట మా విధియని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు చెప్పుచున్నవి. వైద్యుడు రోగమును నిర్ణయించును. నర్సు పోటును కొలిచి చూచును. ఇంటివారు వేళకు మాత్ర అందింతురు. ఈ నలుగురి నడుమ వార్త తెగకుండ చూచుట మా వంతు.

అందులకు శ్రోతల సాయము కావలెను. ఇంట వాడు మందులన్నిటి పేర్లు, మోతాదులు ఒక కాగితముపై వ్రాసి యుంచుడు. నాటుమందులను, ఒళ్లునొప్పులకు కొనుక్కొను మాత్రలను విడువకుడు. డైక్లోఫినాక్ వంటివి రక్తపుపోటును పెంచవచ్చును, మూత్రపిండములకు కీడు చేయవచ్చును. ఆ కాగితమును ప్రతి వైద్యునికి, మాకును చూపుడు. పోటు తగ్గినదని మాత్ర మానకుడు. తగ్గినది మాత్ర వలననే కావచ్చును. ఉపవాసము చేయదలచినచో మధుమేహపు మందును గూర్చి ముందే అడుగుడు.

మేము తొందరలో నున్నట్లు కనబడినను అడుగుడు. సమాధానము చెప్పుట మేము చేయు ఉపకారము కాదు, మా ఉద్యోగము.