వాకిట్లోని పిల్లి – గృహస్థుని ధర్మం



పోయిన శనివారం ఉపన్యాసం ముగిసి తీర్థప్రసాదాలు ఇచ్చుచున్న సమయమున ఒక తల్లి నా వద్దకు వచ్చి ఒక మాట అడిగినది. "స్వామీ! తెల్లవారుజామున స్నానం చేసి తులసమ్మకు నీళ్ళు పోయబోతే, కోటలోని మట్టి తవ్వి పిల్లి మలినం చేసి ఉంటున్నది. నైవేద్యానికి కాచిన పాలలో మూతి పెడుతున్నది. అన్నంలో ఎలుకల మందు కలిపి పెట్టమని పక్కింటివారు చెప్పినారు. తులసమ్మ కోసమే కదా, పాపం అంటుతుందా?" అన్నది.

అప్పుడు నేను సమాధానం చెప్పలేకపోయినాను. ఎందుకో ఈ ఉపన్యాసం చివర మనవి చేసుకొందును. ఆ తల్లి కష్టం నిజమైనది. తులసికోట ఇంటికి దేవాలయం వంటిది. దానిని శుచిగా ఉంచుకొనుట గృహస్థుని విధి. కాని శుచిత్వం కొరకు ప్రాణహింస చేయవచ్చునా? ఈనాటి విచారణ అంతయు ఈ ప్రశ్న చుట్టూనే.

మన కొత్తూరుకు సమీపముననే శంషాబాద్ మండలం ముచ్చింతలలో 216 అడుగుల భగవద్రామానుజుల విగ్రహం కలదు. 2022 ఫిబ్రవరి 5వ తేదీన అది ఆవిష్కరింపబడినది. మీలో చాలామంది దర్శించియే ఉందురు. ఆ ఆచార్యుని తరువాతి కాలమున శరణాగతిని గురించి విచారించిన పెద్దలు రెండు దృష్టాంతములు చెప్పినారు. ఒకటి మర్కట కిశోర న్యాయం. కోతిపిల్ల తన తల్లిని తానే గట్టిగా పట్టుకొనును. రెండవది మార్జాల కిశోర న్యాయం. పిల్లికూన ఏమియు చేయదు, తల్లియే దానిని నోట కరచుకొని భద్రమైన చోటికి చేర్చును. జీవుడు నిశ్చింతగా ఉండును, భారమంతయు భగవంతునిదే. పిళ్ళై లోకాచార్యుల సంప్రదాయమువారికి ఈ రెండవ న్యాయం ప్రాణప్రదమైనది.

ఆలోచించండి! భగవంతుని కృపకు పోలిక వెదకిన మహనీయులకు కనిపించినది ఏ ప్రాణి? మనం రాయి విసరి తరిమే ఆ పిల్లియే. ఏ పళ్ళతో అది ఎలుకను చంపునో ఆ పళ్ళతోనే కూనను గాయం కాకుండా పట్టుకొనును.

"అయితే పిల్లిని ఇంటిలోనికి రానిచ్చి పూజించమందురా?" అని మీరడుగవచ్చును. అట్లు అనుటలేదు. మహాభారతం శాంతిపర్వమున భీష్మపితామహుడు ధర్మరాజునకు చెప్పిన కథ వినండి. ఒక మర్రిచెట్టు మొదట పలితుడను ఎలుక, కొమ్మలపై లోమశుడను పిల్లి ఉండెడివి. ఒకనాటి రాత్రి పిల్లి వేటగాని వలలో చిక్కినది. ఎలుక సంతోషముతో బయటికి వచ్చి చూడగా, నేలమీద ముంగిస, కొమ్మమీద గుడ్లగూబ తన కొరకే కాచియున్నవి. అప్పుడు ఎలుక పిల్లితో ఒప్పందం చేసికొని, దాని ఒడిని ఆశ్రయించి ప్రాణం కాపాడుకొన్నది. వేటగాడు వచ్చు క్షణమున వల త్రాడు కొరికి పిల్లిని విడిపించినది. ఆ తరువాత పిల్లి ఎంత తీయగా పిలిచినను కలుగు విడిచి వెళ్ళలేదు. ఇక నీ దారి నీది, నా దారి నాది అన్నది.

ఇందులోని ధర్మసూక్ష్మం గమనించండి. ఎలుక పిల్లిని చావనీయలేదు, తన కలుగులోనికి రానీయలేదు. ద్వేషం లేదు, అతిచనువు లేదు. దూరం మాత్రం ఉన్నది. మన వాకిటికి కావలసినది ఆ దూరమే.

మన పెద్దలు ఆ దూరాన్ని ఎట్లు పాటించినారు? ఉట్టి కట్టినారు! పాలకుండను, పెరుగుకుండను పిల్లికి అందని ఎత్తున వ్రేలాడదీసినారు. పిల్లిని కట్టివేయలేదు, కొట్టలేదు. తమ కుండను తాము కాపాడుకొన్నారు. నేడు ఉట్టి పోయినది కాని ఆ బుద్ధి పోరాదు.

పిల్లి ఊరకే రాదు. ఆహారం కొరకు, ఎలుకల కొరకు, మెత్తని మట్టి కొరకు, కూనలను పెట్టుకొను చాటు కొరకు వచ్చును. 2008లో విమానాశ్రయం వచ్చిన తరువాత ఈ ప్రాంతమున ఎన్నో పొలాలు ఇండ్ల స్థలాలైనవి. పొలంలో ఎలుకలు పట్టి బ్రతికిన పిల్లి మన ప్రహరీ దాటి వచ్చుటలో ఆశ్చర్యమేమున్నది? కనుక కారణం తొలగించవలెను.

మొదట పాలగిన్నెలపై బరువైన మూతలు ఉంచండి. ఎంగిలి విస్తళ్ళు, చెత్త మూతలేని బుట్టలో వేయకండి. ధాన్యపు బస్తాలు ఎత్తుగా పేర్చి ఎలుకలు చేరకుండ చూడండి. తులసికోటలో మొక్క మొదలు విడిచి, మిగిలిన మట్టిమీద నున్నని గులకరాళ్ళు గాని, కొబ్బరిపీచు గాని దగ్గరగా పరచండి. లేదా కోళ్ళగూటికి వాడు ఇనుప జాలిని మొనలు లోపలికి మడచి కప్పండి. పిల్లికి వదులైన పొడిమట్టి కావలెను. తవ్వ వీలులేని చోటును అది తానే విడిచిపోవును. పెరటి మూలన, కోటకు దూరముగా కొంత పొడి ఇసుక పోసి ఉంచితే చాలా పిల్లులు అక్కడికే పోవును. ఎదురుపడినప్పుడు చప్పట్లు, చేతితో చిలకరించిన చన్నీళ్ళు చాలును. వేడినీళ్ళు, రాళ్ళు వలదు.

అటక సందులు, మెట్ల క్రింది రంధ్రములు మూయుటకు ముందు లోపల కూనలున్నవేమో తప్పక చూడండి. ఉన్నచో కొన్ని వారములు ఓపిక పట్టండి. కూనలు పాలు మాని తిరుగుట నేర్చుకొనుటకు సుమారు రెండు నెలలు పట్టును. తరువాత సందు మూయండి.

చేయరాని పనులు కూడ చెప్పెదను. ఫినాయిల్ చల్లవద్దు. పిల్లి కాలేయం ఆ జాతి విషమును విరిచివేయలేదు. అది పాదములు నాకికొనుటతోనే విషం లోనికి పోవును. కలరా ఉండలును అట్టివే. కారంపొడి కండ్లను కాల్చును. ఎలుకల మందు పెట్టిన అన్నం పిల్లితో ఆగదు, కాకి తినవచ్చును, కుక్క తినవచ్చును, వాకిట ప్రాకు పసిబిడ్డ కూడ తినవచ్చును.

మన ఆరోగ్యమును చూచుకొనుట కూడ ధర్మమే. పిల్లి మలమును చేతితొడుగు వేసికొని తీసి, సబ్బుతో చేతులు కడుగుకొనండి. గర్భిణీస్త్రీలు ఆ పని చేయరాదు. టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి గర్భస్థ శిశువునకు హాని చేయగలదు. పిల్లి కరచినను, రక్కినను పదిహేను నిమిషములు సబ్బునీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. రేబిస్ కుక్కవలననే వచ్చునని ఉపేక్షించకండి.

పిల్లి రెండు నెలలు మోసి ఈనును, ఏడాదికి రెండు మూడు ఈతలు కూడ ఈనవచ్చును. కాబట్టి వీధివారందరు కలిసి పశువైద్యుని సాయముతో సంతాననిరోధక శస్త్రచికిత్స చేయించి, తిరిగి అదే వీధిలో విడుచుట మేలు. హైదరాబాదులో 1992లో స్థాపింపబడిన బ్లూ క్రాస్ వంటి సంస్థలు కూడ ఉన్నవి. ఇది సృష్టికి అడ్డుపడుట కాదా అని కొందరందురు. పుట్టిన కూనలు చక్రముల క్రింద నలుగుచుండగా చూచి ఊరకుండుట కంటె ఇది దయతో కూడిన పని అని నా మనవి.

శాసనమును ఇదే చెప్పుచున్నది. జంతువులపై క్రూరత్వమును 1960 నాటి చట్టం నిషేధించినది. 1976లో రాజ్యాంగమున చేర్చిన ప్రాథమిక విధులలో ప్రాణులయెడ కరుణ ఒకటి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను ప్రకారం జంతువును విషం పెట్టి చంపినచో ఐదేండ్లవరకు శిక్ష పడవచ్చును. పిల్లిని చంపిన పాపం గుడి కట్టినా పోదని మన పల్లె పెద్దలు ఏ చట్టమూ చదువకయే అన్నారు.

ఇక నా మాట. చిన్నతనమున మా ఇంట పాలు తాగుచున్నదని ఒక పిల్లిని గోనెసంచిలో కట్టి, కర్నూలు రహదారి అవతల, చాలా దూరమున విడిచి వచ్చినాను. చంపలేదు కదా అని తృప్తిపడినాను. ఆ రాత్రి అటకమీద నుండి సన్నని అరుపు వినబడినది. కూనలు! మూడు ఉన్నవి, కండ్లు తెరువలేదు. మా అమ్మ దూదివత్తితో పాలు పట్టినది. మూడవనాటికి అరుపు ఆగిపోయినది. నాలుగవనాడు తల్లిపిల్లి కుంటుకొనుచు వచ్చి నేరుగా అటక ఎక్కినది. దాని పిలుపుకు జవాబు లేదు. మా అమ్మ నన్నొక్క మాట అనలేదు. అది ఈనాటికీ నా చెవులలో ఉన్నది. అందుకే ఆ తల్లి అడిగినపుడు వెంటనే నోరు రాలేదు.

తల్లీ! నీవు ఈ సభలో ఉంటే ఇదే నా సమాధానం. తులసమ్మ కొరకు మందు పెట్టవద్దు. ఈ సాయంత్రమే నాలుగు దోసిళ్ళ గులకరాళ్ళు తెచ్చి కోటలో పరచు. పాలకు మూత పెట్టు. పక్కింటివారికి కూడ ఈ మాట నెమ్మదిగా చెప్పు. మార్జాలము కూనను కాపాడినట్లు మనలను కాపాడుమని ప్రార్థించు మనం, ఆ మార్జాలమునకు మన గడపలో చోటివ్వకపోయినను దాని ప్రాణమునకు లోకంలో చోటు మిగిల్చెదము గాక!

స్వస్తి. శుభం భూయాత్.