సత్యభామ కోపము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



కావ్యములు పండితులకే గాని మనకేల యని తలంచువారు నంది తిమ్మన పారిజాతాపహరణమును ఒక్కమారు చదివి చూడవలెను. ఐదాశ్వాసముల ఆ ప్రబంధమున కథ యంతయు ఒక్క పూవుతో మొదలైనది. నారదుడు తెచ్చిన పారిజాతమును శ్రీకృష్ణుడు చెంతనున్న రుక్మిణి కిచ్చెను. అంతతో ముగియవలసినదే. కాని నారదుడు ఊరకుండునా? ఇక సవతులలో నీకు సాటి లేరని రుక్మిణిని పొగడెను. ఆ పొగడ్త సత్యభామ చెలికత్తె చెవిని బడెను. కృష్ణుని కంటె ముందుగా ఆ మాట సత్య యింటికి చేరినది.

సత్యకు పూలు కరవా? ఆమెను నొప్పించినది పూవు కాదు. తన చిన్నతనము పదిమంది నోట నానుట. తానే అధికురాలనని యిన్నాళ్ళు నమ్మిన నమ్మకము ఒక్క పూటలో కూలినది. మాసిన చీర కట్టి, తలకు గుడ్డ చుట్టి, కోపగృహమున పరుండెను. కృష్ణుడు చప్పుడు కాకుండ వచ్చి, చెలులకు సైగ చేసి, వీవన తాను పుచ్చుకొని విసరసాగెను. మేని పారిజాత పరిమళమే ఆయన గుట్టు బయటపెట్టినది! ఆలికి జంకి యెరిగిన మగవాడెవ్వడును ఇచ్చట నవ్వక మానడు.

పాదములపై వ్రాలిన భర్తను ఆమె యెడమకాలితో త్రోసెను. కృష్ణుడు కోపింపలేదు సరికదా, తన మేని గగుర్పాటు ముండ్లవలె తాకి ఆ పాదము నొచ్చునేమో యని వగచెను. కృష్ణరాయలకును (పాలన 1509–1529) రాణికిని కలిగిన యెడబాటును మాన్పుటకే తిమ్మన దీనిని వ్రాసెనని లోకమున ఒక కథ కలదు. దానికి చారిత్రకాధారము కానరాదు. రాజుగారి యింటను మన యింటి తగవే జరుగునని వినుట జనులకు ప్రీతి గనుక అది నిలిచినది.

మద్రాసు రాష్ట్రమున 1949 చట్టముతోను, పిదప 1955 హిందూ వివాహ చట్టముతోను హిందువులలో ఇద్దరు భార్యలను కట్టుకొనుట నిషిద్ధమైనది. చట్టము సవతులను మాన్పినది గాని నారదులను మాన్పలేదు. ఆలుమగల నడుమ మాట మోయువారు ఏ వీధిని లేరు?

రంగస్థలమున సత్యభామ పాత్రకు స్థానం నరసింహారావుగారు (1902–1971) తెచ్చిన ప్రతిష్ఠ మీరెరుగుదురు. అయితే తులాభార నాటకములలో సత్య ధనమంతయు తూగక, రుక్మిణి తులసీదళముతో తూచినప్పుడు సభ చప్పట్లు చరచును. నాకా చప్పట్లు రుచింపవు. కోపగించిన స్త్రీకి తగిన శాస్తి జరిగినదను సంతోషము వానిలో వినబడును. అలిగిన యిల్లాలిని గయ్యాళి యనుట మనకు సులభము; ఏల అలిగినదని అడుగుట కష్టము. తిమ్మన అడిగెను. ఆమె యీర్ష్యను చూచి మనలను నవ్వించెను గాని, ఆమె కన్నీటిని నవ్వులపాలు చేయలేదు. తుదకు వృక్షమునే ఆమె పెరటికి తెప్పించెను. భర్తను నారదునికి దానమిచ్చి మరల విడిపించుకొను పుణ్యకవ్రతమును ఆమె చేతనే చేయించెను.

మన గ్రంథాలయ ప్రతిని మొన్న తిరిగి చూచితిని. కాలితాపు ఘట్టమున్న మొదటి ఆశ్వాసము పుటలు వ్రేళ్ళ మరకలతో నల్లబడి యున్నవి. వ్రతకథ గల చివరి ఆశ్వాసము పుటలు ఇంకను పెళపెళలాడుచున్నవి.