స్కాన్‌లో లోపం కనబడిన తరువాత
(టెక్కలిలో కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

అయిదవ నెలలో టిఫా స్కాన్‌కు వెళ్ళిన కోడలికి, గర్భస్థ శిశువు పొట్ట గోడ మూసుకోలేదనీ, పేగులు బయట ఉన్నాయనీ చెబుతారు. ఇంటికి రాగానే మొదట ఎదురయ్యే ప్రశ్న ఏమిటి? ‘గ్రహణం నాడు బయటికి వచ్చావా? కత్తి పట్టావా?’ మన ముస్లిం ఇళ్ళలోనూ ఈ మాటలను మేము విన్నాము. గ్రహణాలు ఎవరి చావు పుట్టుకల కోసమూ సంభవించవని దైవప్రవక్త (స) తమ కుమారుడు ఇబ్రాహీం మరణించిన నాడే తెలియజేశారు. ఆ ఉమ్మత్‌కు చెందిన మనం ఒక ఆడపిల్లను గ్రహణం పేర దోషిని చేయడం ఎంత అన్యాయం! ఈ లోపం గర్భం తొలి వారాలలోనే ఏర్పడుతుంది. కత్తికీ దీనికీ సంబంధం లేదు.

ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. బొడ్డు పక్కన, ఎక్కువగా కుడివైపున, రంధ్రం ఏర్పడి పేగులు ఏ పొరా లేకుండా బయటికి వస్తే గ్యాస్ట్రోస్కైసిస్ అంటారు. చాలామంది ఇటువంటి బిడ్డలకు ఇతర అవయవాలు బాగానే ఉంటాయి. బొడ్డు వద్దనే ఒక పలుచని సంచిలో పేగులు, ఒక్కొక్కసారి కాలేయం కూడా, ఉంటే అది ఓంఫలోసీల్. దీనితో గుండె లోపాలు, జన్యు లోపాలు కలిసి రావచ్చు గనుక గుండె స్కాన్, ఉమ్మనీటి పరీక్ష గురించి అడగాలి. ‘ఏ రకం? దీనితోపాటు ఇంకేదైనా ఉందా?’ ఈ రెండు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాయించుకోవాలి. గర్భస్రావం మాట కొందరు ఆ సాయంత్రమే ఎత్తుతారు. రకమేదో తేలకుండా అడిగితే ఏ ముఫ్తీ సాహెబ్ మాత్రం ఏమి చెప్పగలరు?

2021లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అంతర్జాతీయ అధ్యయనంలో, గ్యాస్ట్రోస్కైసిస్‌తో పుట్టినవారిలో సంపన్న దేశాలలో నూటికి ఇద్దరికన్నా తక్కువమంది, మధ్యాదాయ దేశాలలో దాదాపు 32 మంది, పేద దేశాలలో 90 మంది మరణించినట్లు తేలింది. లోపం అందరిదీ ఒకటే; సకాలంలో చికిత్స అందడంలోనే తేడా. ముందుగా తెలియడం వల్ల మనకు దక్కేది ఆ సమయమే.

కనుక కాన్పు ఎక్కడ జరగాలన్నది మొదట తేల్చుకోవాలి. తొలి కాన్పు పుట్టింట జరగాలన్న ఆచారాన్ని ఇక్కడ పక్కన పెట్టక తప్పదు. పిల్లల శస్త్రచికిత్స విభాగమున్న కింగ్ జార్జి ఆసుపత్రి విశాఖలో ఉంది. కిడ్నీ జబ్బుల వల్ల మన ఉద్దానం వారికి ఆ దారి కొత్త కాదు. అయితే పుట్టిన తరువాత బిడ్డను అంత దూరం తీసుకుపోవడంకన్నా, తల్లి కడుపులో ఉండగానే తీసుకుపోవడం ఎంతో క్షేమం. ఈ కాన్పులు తరచు ముందే వస్తాయి. తొమ్మిదవ నెల ప్రవేశించగానే విశాఖలో బంధువుల ఇంట మకాం పెట్టడం మేలు. పొట్ట గోడ లోపం ఉన్నంత మాత్రాన సిజేరియన్ తప్పనిసరి కాదు. దానిని వైద్యులు నిర్ణయిస్తారు. ఆధార్, రేషన్ కార్డు, స్కాన్ రిపోర్టులన్నీ ఒకే ఫైలులో పెట్టుకుని, ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ముందే కనుక్కోవాలి. గుమాస్తాగా పనిచేసిన మాకు కాగితం విలువ తెలుసు. అర్ధరాత్రి జిరాక్సు దొరకదు.

అనుకోకుండా ఇక్కడే కాన్పు అయితే బయటి పేగులను శుభ్రమైన పారదర్శకపు ప్లాస్టిక్‌తో కప్పి, బిడ్డను వెచ్చగా ఉంచి, సెలైన్‌తో, పొట్టలోకి వేసిన గొట్టంతో పంపమని వైద్యులను కోరాలి. అక్కడ వీలైతే వెంటనే పేగులను లోపలికి సర్ది మూస్తారు. లేకపోతే ఒక సంచిలో ఉంచి కొద్ది రోజులలో క్రమంగా లోపలికి పంపుతారు. పాలు పట్టడానికి వారాలు పట్టవచ్చు. అంతవరకు నరం ద్వారానే పోషణ. తల్లి పాలు పిండుతూ ఉంటే పాలు ఆగిపోవు.

నానీలకు, దాదీలకు ప్రత్యేకంగా ఒక మనవి. బిడ్డ చెవిలో అజాన్ చెప్పడానికి ఏ అడ్డూ లేదు. అయితే ఖర్జూరం నమిలి నోట పెట్టడం, తేనె నాకించడం మాత్రం వైద్యులు అనుమతించేవరకు వద్దు. ఆ పేగులు అప్పటికి దేనినీ అరిగించుకోలేవు. అఖీఖా ఏడవ రోజున కుదరకపోతే బిడ్డ ఇంటికి వచ్చాక చేసుకోవచ్చు.