గొంతు వెనక మనిషి
(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న వేసవి సెలవలకి మా మనవరాలు వచ్చింది. దానికి పధ్నాలుగేళ్ళు. అన్నం తినేటప్పుడు కూడా చేతిలో ఫోను వదలదు. ఏవిటే ఆ చూడ్డం అంటే, కొరియా సీరియలు అంది. అందులో హీరోని చూపించి, "అమ్మమ్మా, ఇతను ముందు పాటగాడు, తెలుసా? మెల్లగా సాగే ప్రేమపాటలు పాడి పేరు తెచ్చుకుని, ఆ తర్వాత యాక్టరయ్యాడు" అని ఎంతో గొప్పగా చెప్పింది. పేరు లీ సంగ్‌గీ అట. 2004లో గాయకుడుగా వచ్చి, 2009 నాటికి సీరియల్ హీరోగా వాళ్ళ దేశమంతా తెలిసిపోయాడట. అంతటితో ఊరుకుందా? "మీ కాలంలో ఇలాంటివాళ్ళు ఎక్కడున్నార్లే" అనేసింది.

నాకు ఉక్రోషం వచ్చింది. చేతిలో ఉన్న చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి, "ఇలా రా, కూర్చో" అన్నాను. దానికి చెప్పిన సంగతులే ఇవాళ మీకూ చెబుదామని వచ్చాను.

సినిమాలకి మాటలొచ్చిన కొత్తల్లో ఎవరి పాట వాళ్ళే పాడుకోవాలి. నాగయ్యగారూ, భానుమతిగారూ అలా వచ్చినవాళ్ళే. మొహమూ వాళ్ళదే, గొంతూ వాళ్ళదే. తర్వాత ప్లేబ్యాక్ వచ్చింది. గొంతు ఒకరిది, మొహం ఇంకొకరిది అయిపోయింది. పాడిన మనిషి ఎలా ఉంటాడో పాట విన్నవాళ్ళకి తెలియనే తెలియదు. అలా వెనక ఉండిపోవలసిన మనిషి ముందుకొచ్చి, నటుడుగా కూడా మనచేత కన్నీళ్ళు పెట్టించాడంటే అది చిన్న విషయం కాదు గదా! ఆయన మరెవరో కాదు, మన ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యంగారు.

బాలుగారు 1946 జూన్ 4న పుట్టారు. తండ్రి సాంబమూర్తిగారు హరికథలు చెప్పేవారు. ఒక్క మనిషే రాముడై, రావణుడై, సీతమ్మై నిలబడి కథ నడిపించే విద్య అది. అంటే నటన ఆ ఇంట్లోనే ఉందన్నమాట. బాలుగారు మాత్రం ఇంజనీరవుదామని చదువుకున్నారు. కోదండపాణిగారు పిలిచి శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న సినిమాకి పాడించారు. 1966 డిసెంబరులో ఆ పాట రికార్డయింది. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని ఆ మనిషే 1980లో వచ్చిన శంకరాభరణానికి పాడి, జాతీయ బహుమతి తెచ్చుకున్నారు. ఆ తర్వాత అలాంటివి ఇంకో అయిదు వచ్చాయి.

ఇక నటన సంగతి. 1953లో పక్కింటి అమ్మాయి అని ఒక నవ్వుల సినిమా వచ్చింది. తీసినవారు కాకినాడ సి. పుల్లయ్యగారు. మన పెద్దాపురం ఆడపడుచు అంజలీదేవి కథానాయిక. హీరో రేలంగి. ఆ హీరోకి పాట రాదు. పక్కింటి పిల్లకేమో పాటంటే ప్రాణం. అందుకని స్నేహితుడు చాటునుంచి పాడుతూ ఉంటే, ఈయన కిటికీ దగ్గర నిలబడి పెదవులు కదుపుతాడు. చాటున పాడే వేషం వేసినాయన ఎవరనుకున్నారు? నిజంగా గాయకుడే, ఎ. ఎం. రాజాగారు. 1981లో ఆ కథే మళ్ళీ తీశారు. ఈసారి ఆ వేషం బాలుగారికి వచ్చింది. రోజూ స్టూడియోలో చాటునుండి పాడే మనిషి, తెరమీద కూడా చాటునుండి పాడేవాడుగానే కనిపించారు!

ఆ బొమ్మ చూసి హాల్లో అందరూ పడీ పడీ నవ్వుతూ ఉంటే, నేను మాత్రం పూర్తిగా నవ్వలేకపోయాను. ఎందుకో చెబుతాను.

నేను పుట్టి పెరిగింది అమలాపురంలో. హైస్కూల్లో ఉండగా సక్కుబాయి నాటకం వేశాం. నాకు గొంతు బాగుంటుందని సక్కుబాయి వేషం ఇచ్చారు. మా నాన్నగారు వినగానే, "గొంతు వినిపిస్తే ఫర్వాలేదు, మనిషి కనిపించడానికి వీల్లేదు" అన్నారు. ఆయన మాటకి ఇంట్లో ఎదురు లేదు. వేషం ఇంకో పిల్లకి వెళ్ళింది. నేను తెర వెనక హార్మనీ పక్కన చాపమీద కూర్చుని పాడాను. ఆ పిల్ల ముందు నిలబడి నోరు కదిపింది. చప్పట్లు మోగిపోయాయి. వెండిగిన్నె కూడా ఆ పిల్లకే ఇచ్చారు. ఆ పిల్లమీద నాకు కోపం లేదు. ఇంటికొచ్చాక మా అమ్మ ఏమీ అనకుండా, నా కంచంలో ఇంకో గరిటె నెయ్యి వేసింది. అంతే!

బాలుగారు వెనకనుంచి పాడింది వృత్తి. డబ్బూ, పేరూ రెండూ వచ్చాయి. నన్ను వెనక కూర్చోబెట్టింది ఆడపిల్లనని. ఈ రెండూ ఒకటి కావని నాకూ తెలుసు. అయినా ఆయన తెరమీద కనిపించినప్పుడల్లా, మన పక్షాన ఎవరో ముందుకొచ్చినట్టు అనిపించేది.

ఆయనకి వేషాలు ఒక్కసారిగా వచ్చిపడలేదు. మధ్యలో ఇంకో విద్య ఉంది. అదే డబ్బింగ్. 1976లో మన్మథలీల తెలుగులో వచ్చినప్పుడు కమల్‌హాసన్‌కి మాటలు చెప్పారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కమల్ తెలుగు మాట బాలుగారిదే. అన్నమయ్యలో సుమన్ వేసిన వేంకటేశ్వరస్వామి పలికింది కూడా ఈయన గొంతుతోనే. 2008లో వచ్చిన దశావతారంలో అయితే ఏడు పాత్రలకి చెప్పారు, అందులో ఒక ముసలమ్మ కూడా ఉంది! చీకటిగదిలో, మైకు ముందు, వేరేవాళ్ళ మొహం చూస్తూ నవ్వడం, ఏడవడం, దగ్గడం, గొణగడం – ఇదంతా నటన కాక మరేమిటి? ఎవరూ చూడకపోయినా చేస్తూ వచ్చిన పనే ఆయనకి నటనలో బడి అయిందని నా ఉద్దేశ్యం. మన వంటింటి పనితనం కూడా అలాంటిదే గదా!

1987లో బాలచందర్‌గారు ఒక అరవ సినిమాలో డాక్టరు వేషం ఇచ్చారు. 1990లో బాలచందర్‌గారి శిష్యుడు వసంత్ తన మొదటి సినిమాకి ఏకంగా ఈయన్నే కథానాయకుడుగా పెట్టుకున్నాడు. తెలుగులో అది ఓ పాపా లాలి పేరుతో వచ్చింది. భార్య పోయి, కూతుర్ని పెంచుకునే తండ్రి కథ. అప్పటికి బాలుగారికి నలభై నాలుగేళ్ళు. లావుపాటి మనిషి, మామూలు చొక్కా. హీరో అంటే ఇలా ఉండాలని మనం అనుకునే లక్షణం ఒక్కటీ లేదు. అయినా ఆ తండ్రి బాధ మనకి తగిలింది. తర్వాత 1994లో ప్రేమికుడులో ప్రభుదేవాకి తండ్రిగా, కానిస్టేబుల్ వేషం. కొడుకుతో సమానంగా గెంతులేస్తే పిల్లలంతా ఆయన అభిమానులైపోయారు.

అన్నిటికన్నా నాకు ప్రాణం 2012లో వచ్చిన మిథునం. శ్రీరమణగారి కథ, తనికెళ్ళ భరణిగారు తీశారు. బాపుగారంతటివారు ఈ కథని ముచ్చటపడి స్వదస్తూరీతో రాసుకున్నారంటే చూడండి. ఉన్నవి రెండే పాత్రలు, అప్పదాసూ బుచ్చిలక్ష్మీ. పిల్లలంతా దూరదేశాల్లో. పెరడూ, పొయ్యీ, పోట్లాటా, ముద్దపప్పూ – అదే కథ. లక్ష్మిగారు బుచ్చిలక్ష్మి, అరవై ఆరేళ్ళ బాలుగారు అప్పదాసు. మా వారూ నేనూ కలిసే చూశాం. ఇంటికొస్తూ దారిలో ఆయన, "అచ్చం నాలాగే సతాయించాడే" అన్నారు. "ఆయ్, మీకన్నా కాస్త నయమేనండి" అన్నాను.

పసుపుకుంకాలతో ముందు పోవాలని మనం నోములు నోచుకుంటాం గదా! ఆ కథలో బుచ్చిలక్ష్మి వేరుగా అనుకుంటుంది. తాను ముందు పోతే ఆయన్ని చూసేవాళ్ళెవరు, ఆయన ముందు వెళ్ళడమే మేలయిందని. చూసిన రోజున ఆ మాట నాకు కటువుగా అనిపించింది. మా వారు పోయి ఇప్పటికి నాలుగేళ్ళు. కాఫీ చల్లారితే గ్లాసు పట్టుకుని ఇల్లంతా తిరిగే మనిషి, నేను లేకపోతే ఏమయిపోయేవారు? ఆ మాటకి అర్థం ఇప్పుడు తెలిసింది.

బాలుగారు 2020 సెప్టెంబరు 25న వెళ్ళిపోయారు. మరుసటి ఏడు పద్మవిభూషణ్ వచ్చింది, అందుకోవడానికి ఆయన లేరు.

ఇదంతా విని మా మనవరాలు, "మరి నువ్వు?" అంది. చెప్పక తప్పలేదు. ఇప్పుడు నేనుండేది హైదరాబాదులో, అపార్టుమెంటులో. ఈ ఉగాదికి మా ఆడవాళ్ళంతా ఒక చిన్న నాటకం వేశారు. అందులో జోలపాట ఉంది. "పిన్నిగారూ, మీరు పక్కనుంచి మైకులో పాడెయ్యండి, బామ్మ వేషం ఇంకొకరు వేస్తారు" అన్నారు. వాళ్ళు మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం ఒక్కసారి ఆ చాపా, ఆ హార్మనీ కళ్ళముందు మెదిలాయి. "పాడితే ఎదురుగా నిలబడే పాడతానమ్మా, లేకపోతే వద్దు" అన్నాను. నా నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు! బామ్మ వేషం నాకే ఇచ్చారు.

రెండుచోట్ల మాటలు మరిచిపోయాను. కాళ్ళు వణికాయి. పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం వణుకు తగ్గింది. వెండిగిన్నె ఏమీ ఇవ్వలేదు లెండి. మెట్లు దిగుతూ ఉంటే కిందింటి ఆవిడ, "ఇన్నాళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచారండీ?" అని అడిగింది.

దాచింది నేను కాదమ్మా అందామనుకున్నాను. నవ్వి ఊరుకున్నాను.

సెలవు.