ఉన్న ఊరిలో ఓటు

(బెంగళూరులో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న రోజులలో అనేక ఎన్నికలలో పోలింగ్ అధికారిగా పనిచేశాను. ఒక ఎన్నికలో మధ్యాహ్నపు ఎండవేళ ఒక తెలుగు తల్లి వచ్చి, కొంగుముడి విప్పి, ఓటరు గుర్తింపు కార్డు బల్లమీద పెట్టింది. జాబితా ఆసాంతం వెదికాము. పేరు కనిపించలేదు. "కార్డు ఉంది గదా నాయనా!" అన్నది. కార్డు నిజమైనదే. అయితే అది ఆమె కొన్నేళ్ల క్రితం విడిచివచ్చిన పేటకు చెందినది. ఇల్లు మారినవారన్న కారణంతో అక్కడ పేరు తొలగించారు. కొత్త పేటలో చేర్చుకోవాలని ఆమెకు చెప్పినవారు లేరు. ఆమె మారుమాట్లాడక వెనుదిరిగి వెళ్లింది. ఆ పూట నేను చేయగలిగినది ఏమీ లేకపోయింది. చేయవలసినదంతా కొన్ని నెలల ముందే జరగవలసింది.

ఈనాడు మీ ముందు చెప్పదలచిన ముఖ్యవిషయం ఇదే. ఓటు కార్డులో లేదు, జాబితాలో ఉన్నది. జాబితాలో పేరు మనం పుట్టిన ఊరిని బట్టి కాక, ఉంటున్న ఊరిని బట్టి ఏర్పడుతుంది.

మన కుటుంబాలు ఒకచోట స్థిరంగా ఉన్నవి కావు. అన్న చెన్నైలో, చెల్లెలు సోలాపూర్‌లో, మేనమామ బ్రహ్మపురంలో, మనం ఈ బెంగళూరులో ఉంటాము. అందుచేత ఒక రాష్ట్రపు నియమం తెలిస్తే చాలదు. ఏది దేశమంతటా ఒకటో, ఏది రాష్ట్రానికొక తీరుగా మారుతుందో విడదీసి తెలుసుకోవాలి.

ముందుగా అంతటా ఒకటిగా ఉన్న నియమం. లోక్‌సభకు, శాసనసభలకు ఓటర్ల జాబితాను భారత ఎన్నికల సంఘం పర్యవేక్షణలో, 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం తయారుచేస్తారు. భారత పౌరసత్వం, పద్దెనిమిదేళ్ల వయస్సు, ఆ నియోజకవర్గంలో సాధారణ నివాసం – ఇవి అర్హతలు. భాష అడగరు, కులం అడగరు, మీ తాత ఏ జిల్లావాడని అడగరు. పూర్వం జనవరి 1 ఒక్కటే వయస్సు లెక్కించే తేదీగా ఉండేది. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అని నాలుగు తేదీలు ఉన్నాయి. పదిహేడేళ్లు నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు ఇచ్చుకోవచ్చు.

సాధారణ నివాసం అన్న మాటను జాగ్రత్తగా గ్రహించాలి. సొంత ఊరిలో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్లు కాదని చట్టమే చెబుతున్నది. అదేవిధంగా కొద్దికాలం పనికోసం వేరేచోటికి వెళ్లినంత మాత్రాన నివాసం పోయినట్లూ కాదు. రెండు నెలలు కట్టుబడి పనికి వచ్చి, పంటకాలానికి ఊరు చేరేవారు ఆ ఊరి ఓటరుగానే ఉండవచ్చు. పిల్లలను ఇక్కడి బడిలో వేసి, ఏళ్ల తరబడి ఇక్కడే అద్దె కడుతున్నవారి నివాసం ఇదే.

ఇక్కడొక ప్రమాదం ఉన్నది. ఊరిలో ఒక ఓటు, పట్నంలో ఒక ఓటు ఉంచుకున్నవారు మనలో లేకపోలేదు. చాలామందికి ఇది తప్పని కూడా తెలియదు. ఒకరి పేరు ఒకటికంటె ఎక్కువ నియోజకవర్గాలలో ఉండరాదని ఆ చట్టంలోని 17వ సెక్షన్ చెబుతున్నది. తెలిసి అబద్ధపు ప్రకటన చేస్తే 31వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. "ఊరి ఓటు తీసేయించుకుంటే రేషను కార్డు పోతుందేమో, పొలం హక్కు పోతుందేమో" అని కొందరు భయపడతారు. భూమి హక్కు రెవెన్యూ పత్రాలలో ఉంటుంది. రేషను కార్డు వేరే చట్టం కింద వచ్చేది. ఓటర్ల జాబితా ఈ రెంటికీ ఆధారం కాదు.

ఊరి ఓటు విడవడం మనస్సుకు కష్టమన్న సంగతి నాకు తెలియనిది కాదు. పండుగకు వెళ్లినట్లు ఓటుకు వెళ్లడం, అందరినీ చూసి రావడం ఒక సంబరం. అయితే ఇక్కడ కుళాయికి నీరు రాకపోతే, మురుగుకాలువ పొంగితే, పిల్లవాడి బడికి గది లేకపోతే ఎవరిని అడుగుతాము? జాబితాలో పేరు లేనివారి వీధికి అభ్యర్థి రావడం కూడా తక్కువ. ఏ ఊరిని ఎంచుకోవాలో మీరే నిర్ణయించుకోండి. నిజంగా నివసించే చోటు ఏదో నిజాయితీగా తేల్చుకొని నిర్ణయించుకోండి.

నిర్ణయించుకున్న తరువాత పని సులభమే. ఎన్నడూ ఓటరుగా లేనివారు ఫారం 6 నింపాలి. ఇదివరకే ఎక్కడో ఒకచోట ఓటరుగా ఉండి ఇల్లు మారినవారు, మరో రాష్ట్రం నుండి వచ్చినవారైనా సరే, ఫారం 8 ఇవ్వాలి. పాత ఓటు ఉన్నవారు ఫారం 6 ఇస్తే, కొత్త ఓటరునని అబద్ధం చెప్పినట్లవుతుంది. పేరులో తప్పులు దిద్దుకోవడానికీ ఫారం 8నే వాడాలి. జాబితాలో ఒక పేరుపై అభ్యంతరం చెప్పడానికి, తొలగింపు కోరడానికి ఫారం 7 ఉన్నది. వీటిని బూత్ స్థాయి అధికారికి ఇవ్వవచ్చు, ఎన్నికల సంఘం వెబ్‌సైటులో గాని, ఫోన్ యాప్‌లో గాని నింపవచ్చు. సందేహాలకు 1950 అనే నంబరు ఉన్నది.

అద్దె ఇంటివారికి చిరునామా రుజువు దగ్గరే చిక్కు వస్తుంది. కరెంటు బిల్లు, నీటి బిల్లు, గ్యాసు బిల్లు, బ్యాంకు పాసుపుస్తకం, ఆధార్, రిజిస్టరు చేసిన అద్దె పత్రం – వీటిలో ఒకటి చాలు. ఏదీ లేకపోతే దరఖాస్తు చేయరాదని అనుకోకండి. అధికారి స్వయంగా వచ్చి విచారించే పద్ధతి ఉన్నది. గూడు లేక పేవ్‌మెంటు మీద పడుకునేవారి విషయంలో సైతం అధికారి రాత్రివేళ వచ్చి చూసి నమోదు చేయాలన్నది నియమం. దరఖాస్తును తిరస్కరిస్తే పదిహేను రోజులలోగా జిల్లా మేజిస్ట్రేటుకు అప్పీలు చేసుకోవచ్చు.

అధికారి ఇంటికి వచ్చినప్పుడు తలుపు తాళం ఉండకుండా చూసుకోవాలి. కనీసం పొరుగింటివారికైనా ఫోన్ నంబరు చెప్పి ఉంచాలి. 2025 నవంబరులో తమిళనాడు, పుదుచ్చేరిలలో జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ మొదలైనప్పుడు, ఇంటికి తెచ్చిన ఫారం నింపి తిరిగి ఇచ్చినవారి పేర్లే ముసాయిదాలోకి వెళ్లాయి. ఇల్లు మారినవారికి, పనిమీద పొరుగూళ్లలో ఉన్నవారికి ఇటువంటి సవరణలే పెద్ద పరీక్ష. ముసాయిదా వెలువడిన వెంటనే పేరు చూసుకోవాలి. లేకపోతే గడువులోగా అడగాలి.

మన పేర్ల సంగతి మరొకటి. మనం ఇంటిపేరు ముందు పెడతాము. తమిళనాడులో ముందుండే అక్షరాన్ని తండ్రి పేరుగా భావిస్తారు. మహారాష్ట్రలో తండ్రి పేరో, భర్త పేరో మధ్యలో వస్తుంది. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. ప, బ లకు ఒకే అక్షరం. భాగ్యమ్మ పేరును తెలియనివారు చదివితే పాక్యమ్మ అవుతుంది. ఫారంలో ఆంగ్లంలోను, స్థానిక భాషలోను పేరు ఎలా ఉండాలో మీరే వ్రాసి ఇవ్వండి. ఇంటిల్లిపాది పేర్లూ ఒకే వరుసలో ఉండేటట్లు చూసుకోండి. స్వల్పమైన అక్షరదోషం ఉన్నా, మనిషి గుర్తింపు తేలితే ఓటు నిరాకరించరాదు. అయినా ముందే దిద్దుకోవడం మేలు.

ఇక రాష్ట్రానికొక తీరుగా మారే భాగానికి వస్తాను. 1993లో అమలులోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణల వల్ల పంచాయతీ, పురపాలక ఎన్నికలను నిర్వహించే బాధ్యత రాష్ట్ర ఎన్నికల సంఘాలకు వచ్చింది. ఇవి భారత ఎన్నికల సంఘానికి శాఖలు కావు, స్వతంత్ర సంస్థలు. చాలా రాష్ట్రాలలో శాసనసభ జాబితానే తీసుకొని వార్డుల వారీగా విభజిస్తారు. ఏ తేదీ నాటి జాబితాను తీసుకుంటారన్నదే కీలకం. మహారాష్ట్రలో 2026 జనవరి 15న 29 నగరపాలక సంస్థలకు ఎన్నికలు జరిగాయి. వాటికి 2025 జులై 1 నాటి జాబితాను ఆధారంగా తీసుకున్నారు. ఆ తరువాత చేరినవారు శాసనసభ ఓటర్లు అయ్యారే గాని, ఆ నగర ఎన్నికలలో ఓటు వేయలేకపోయారు. కాబట్టి ఎన్నిక ప్రకటించాక చూద్దామనుకుంటే ఆలస్యమే.

ఓటు వేసే తీరులోనూ భేదాలు ఉన్నాయి. ముంబయిలో వార్డుకు ఒక్క ప్రతినిధి. సోలాపూర్, పుణె వంటి నగరాలలో చాలావరకు ఒకే ప్రభాగ్‌కు నలుగురు సభ్యులు ఉంటారు. అక్కడ అ, బ, క, డ అన్న స్థానాలకు విడివిడిగా మీట నొక్కాలి. ఒక్కటి నొక్కి బయటకు వస్తే ఓటు పూర్తికాదు. ఒడిశాలో 2022 పుర ఎన్నికలలో మేయరును ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. బ్రహ్మపురంలోని మనవారు కార్పొరేటరుకు ఒకటి, మేయరుకు ఒకటి వేశారు. తమిళనాడులో 2022 ఫిబ్రవరి 19న జరిగిన నగర ఎన్నికలలో వార్డు సభ్యునికి మాత్రమే ఓటు. మేయరును ఎన్నుకున్నది సభ్యులు. ఆ రాష్ట్రపు గ్రామాలలోనైతే నాలుగు పదవులకు నాలుగు రంగుల బ్యాలెట్ పత్రాలు ఇస్తారు.

యానాం చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. కాని యానాం ఓటు పుదుచ్చేరి శాసనసభకు, పుదుచ్చేరి లోక్‌సభ స్థానానికి చెందుతుంది. పుదుచ్చేరి ప్రాంతంలో పుర ఎన్నికలు 1968 తరువాత మళ్లీ 2006లో గాని జరగలేదు. స్థానిక ఎన్నిక ఎప్పుడు వస్తుందో తెలియనిచోట పేరు సిద్ధంగా ఉంచుకోవడమే మన వంతు.

మన బెంగళూరు అనుభవమూ అటువంటిదే. 2015 ఆగస్టులో ఎన్నికైన పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. ఆపైన ఏళ్లు గడిచినా కొత్త పాలకమండలి ఏర్పడలేదు. 2025లో నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విభజించారు. వార్డుల హద్దులు మారాయి. ఇల్లు మారనివారి వార్డు కూడా మారి ఉండవచ్చు. మీ ఇల్లు ఏ కార్పొరేషనులో, ఏ వార్డులో ఉన్నదో తప్పక తెలుసుకోండి.

చివరిగా పోలింగు రోజు సంగతి. కార్డు పోయినా జాబితాలో పేరు ఉంటే చాలు. లోక్‌సభ, శాసనసభ ఎన్నికలలో ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు వంటివి చూపవచ్చు. స్థానిక ఎన్నికలకు రాష్ట్ర సంఘం ప్రకటించే పట్టికను చూడాలి. మీ పేరుతో మరొకరు అప్పటికే ఓటు వేసి ఉంటే నిరాశతో వెనుదిరగకండి. టెండర్ ఓటు ఇమ్మని అధ్యక్ష అధికారిని అడగండి. లోక్‌సభ, శాసనసభ ఎన్నికల నాడు ఓటరైన కార్మికునికి కూలీ కోయకుండా సెలవు ఇవ్వాలని చట్టం ఉన్నది. రోజుకూలీకి కూడా ఇది వర్తిస్తుంది. మేస్త్రీలు, గుత్తేదారులు ఈ సభలో ఉంటే, దీనిని తమ మనుషులకు తామే చెప్పాలని కోరుతున్నాను.

ఈ రాత్రి ఇంటికి వెళ్లిన తరువాత ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ జాబితాలో వెదకండి. మీ ఇంటితో ఆపవద్దు. చదవడం రాని పొరుగింటి అవ్వ పేరు, నిన్న మొన్న వచ్చిన కూలి దంపతుల పేర్లు కూడా చూడండి. లేకపోతే ఫారం నింపడంలో తోడ్పడండి. కొంగుముడిలో కార్డు పెట్టుకొని వచ్చిన ఆ తల్లికి ఆనాడు అటువంటి పొరుగు ఒక్కరున్నా, ఓటు వేసి ఇంటికి వెళ్లి ఉండేది.