కణజాలపు సహజకాంతి – క్యాన్సరు పరీక్ష



కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినచో గజ్జలో బిళ్ళ కట్టుట అందఱెఱిగినదే. వైద్యశాస్త్రము ఆ బిళ్ళనే శోషరస గ్రంథి యనును. ఇట్టివి మానవ శరీరమున కొన్ని వందలు గలవు. కణముల నడుమ నుండి వచ్చు శోషరసమును వడగట్టి, రోగక్రిములను నిలిపివేయుట వీని పని. కాని క్యాన్సరు కణములును ఆ రసముతోనే ప్రయాణము చేయగలవు. రొమ్ములో పుట్టిన క్యాన్సరు ప్రాకినప్పుడు తఱచుగా చంకలోని బిళ్ళలనే మొదట చేరును. అచ్చటికి చేరినదా, లేదా యను విషయముపై చికిత్సాక్రమము చాలవఱకు ఆధారపడియుండును.

పూర్వము చంకలోని బిళ్ళలను గుంపుగా తీసివేయుచుండిరి. అందువలన కొందఱు స్త్రీలకు చేయి వాచి చిరకాలము బాధించెడిది. 1990 దశకము నుండి, శోషరసము మొట్టమొదట చేరు 'కావలి బిళ్ళ'ను గుర్తించి, దానిని మాత్రము తీసి పరీక్షించు పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చినది. ఆ బిళ్ళను పలుచని పొరలుగా కోసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినితో చూతురు. ఇందులకు సాధారణముగా కొన్ని దినములు పట్టును. క్యాన్సరు ముద్ద 2 మిల్లీమీటర్లకు లోపుదైనచో, చూచిన పొరలలో అది పడకయే పోవచ్చును.

ఈ లోటును తగ్గించుటకు శాస్త్రజ్ఞులు శరీరపు సహజకాంతి నాశ్రయించిరి. చలిజ్వరమునకు వాడు క్వినైను ద్రావణముపై, కంటి కగపడని అతినీలలోహిత కిరణములు ప్రసరించినచో అది నీలముగా వెలుగును. 1852లో కేంబ్రిడ్జి ఆచార్యుడు జార్జి గేబ్రియల్ స్టోక్సు ఈ గుణమును వివరించి దానికొక పేరు పెట్టెను. తెలుగున దానిని ప్రతిదీప్తి యందురు. మన కణజాలమునకును ఈ గుణము గలదు. బిళ్ళకు తొడుగుగా నుండు కొల్లాజెను తంతువులును, కణములకు శక్తి సమకూర్చు పనిలో పాల్గొను ఎన్.ఏ.డి.హెచ్. అను పదార్థమును నీలముగా వెలుగును; ఫ్లావినులు ఆకుపచ్చగా వెలుగును. క్యాన్సరు చేరినచో వీని పాళ్లును, అమరికయు మారును. క్యాన్సరు కణజాలము వెలువరించు సహజకాంతి ఆరోగ్యవంతమైన దాని కాంతికంటె భిన్నమని 1984లో న్యూయార్కునందు రాబర్టు ఆల్ఫానో బృందము లేజరు కిరణములతో చూపెను.

పరీక్షావిధానము సులభగ్రాహ్యమే. తీసిన బిళ్ళను రెండుగా కోసి, ఆ ముఖముపై నీలకాంతినో అతినీలలోహిత కాంతినో ప్రసరింపజేయుదురు. తిరిగి వచ్చు కాంతిలో నుండి ప్రతిదీప్తిని మాత్రము వేఱుచేసి యంత్రముతో కొలుతురు. రంగు పూయనక్కఱలేదు, కణజాలము చెడదు, తరువాత అదే ముక్కను సూక్ష్మదర్శినికిని పంపవచ్చును. శస్త్రచికిత్స ముగియక మునుపే అనుమానము గల చోటు తెలిసినచో, వ్యాధి గల బిళ్ళ లోపల మిగిలిపోదు. నిర్దోషమైన బిళ్ళలు పోగొట్టుకొను నవసరమును తప్పును.

అయినను దీనికి హద్దులు గలవు. నీలకాంతి కణజాలములోనికి లోతుగా చొరజాలదు. కావున చర్మముపై దీపము పెట్టి చంకలోని క్యాన్సరును ఈ విధమున కనుగొనుట సాధ్యము కాదు. అట్లు చెప్పువారిని నమ్మరాదు. వాపు మొదలగు కారణములచేతను కాంతి మారవచ్చును. ఈ పద్ధతి యింకను పరిశోధనశాలలలో పరీక్షింపబడుచున్నది. తుదితీర్పు నేటికిని సూక్ష్మదర్శినిదే.

యంత్రమెంత గొప్పదైనను, రోగి వైద్యుని యొద్దకు వచ్చిన పిమ్మటనే అది పనిచేయును. నొప్పి లేదు గదా యని బిళ్ళను ఉపేక్షింపరాదు. కొన్ని వారములు గడచినను తగ్గని బిళ్ళను, రొమ్ములో తగులు గడ్డను సిగ్గుచే దాచక వైద్యునికి చూపుటయే ప్రాణరక్షణకు తొలిమెట్టు. ఈ మాట ప్రతి గృహమునందలి తల్లులకును, అక్కచెల్లెండ్రకును అందవలసియున్నది.